నెత్తుటి దారిలో సున్నపు గార

"ఆ ఇంటి మగాళ్లు యాభై చూడరు."

పల్లెల్లో ఈ మాట ఏదో ఒక ఇంటి గురించి వినబడుతూనే ఉంటుంది. తాత పొలం గట్టు మీద కూలబడి మళ్లీ లేవలేదు. కొడుకు సంతకు పోయే బస్సులో గుండె పట్టుకున్నాడు. మనవడికి ముప్ఫై ఎనిమిదేళ్లకే పట్నం ఆస్పత్రిలో స్టెంటు పడింది. శాపం తగిలిందంటారు కొందరు. ఇంటికి వీధిపోటు ఉందంటారు ఇంకొందరు. చుట్టలు, సారా అంటారు కాస్త తెలిసినవాళ్లు. చుట్ట ముట్టనివాడూ అలాగే పోయాడు కదా అంటే మాత్రం ఎవరి దగ్గరా జవాబు ఉండదు.

ఇలాంటి ఇళ్లలో కొన్నింటిని పట్టింది శాపం కాదు, జబ్బు. ఫెమిలియల్ హైపర్‌కొలెస్ట్రాలీమియా అని డాక్టర్లు దానికి పెద్ద పేరే పెట్టారు. తేలిక మాటల్లో చెప్పాలంటే తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే కొలెస్ట్రాల్ జబ్బు. ఇది అరుదైనదేమీ కాదు. ప్రపంచం మొత్తం మీద సుమారు 250 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. ఆ లెక్కన రెండున్నర వేల జనాభా ఉన్న ఊళ్లో పది మందికి ఉండాలి. తమకు ఉన్నట్టు తెలిసినవాళ్లు అన్ని దేశాల్లో కలిపి చూసినా పదింట ఒక వంతు లేరు.

నొప్పి ఉండదు. నీరసం ఉండదు. మనిషి సన్నగా ఉండవచ్చు, చేలో రోజంతా కష్టపడవచ్చు. లోపల మాత్రం నెత్తురు పారే దారులు మూసుకుపోతుంటాయి. ముందు కొవ్వు చేరుతుంది. ఆ తర్వాత దాని మీద సున్నం పడుతుంది. కొవ్వును మందులతో కరిగించవచ్చు గానీ ఒకసారి గట్టిపడిన సున్నాన్ని తీసేసే మందు ఇంతవరకు లేదు. ఈ జబ్బును పసితనంలోనే పట్టుకోవాలని డాక్టర్లు మొత్తుకోవడానికి కారణం ఇదే.

గేటు తెరవని ఫ్యాక్టరీ

కొలెస్ట్రాల్ విషం కాదు. ఒంట్లోని ప్రతి కణానికీ అది కావాలి. తిండితో కొంత వస్తుంది. ఎక్కువ భాగం ఒళ్లే తయారు చేసుకుంటుంది. అందులో కాలేయానిది పెద్ద పాత్ర. నెత్తుట్లో కొలెస్ట్రాల్‌ను మోసుకుతిరిగే బళ్లలో ముఖ్యమైన వాటి పేరు ఎల్‌డీఎల్. తిరిగి తిరిగి ఈ బళ్లు చివరికి కాలేయం దగ్గరికి చేరాలి. కాలేయ కణాల మీద వీటి కోసమే గేట్లు ఉంటాయి. గేటు బండిని లోపలికి లాక్కుంటుంది, సరుకు దింపుతుంది, మళ్లీ పైకి వచ్చి మరో బండి కోసం చూస్తుంది.

చెరకు సీజనులో ఫ్యాక్టరీ ముందు పరిస్థితి రైతులకు తెలిసిందే. నాలుగు గేట్లలో రెండు మూస్తే ట్రాక్టర్లు రోడ్డు పొడవునా నిలిచిపోతాయి. వంశపారంపర్యపు కొలెస్ట్రాల్ జబ్బులో జరిగేది అదే. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చే జన్యువుల జతలో ఒకటి చెడితే సగం గేట్లు పనిచేయవు. బళ్లు నెత్తుట్లోనే రోజుల తరబడి నిలిచి, నాళాల గోడల్లోకి దూరి అక్కడే సరుకు దింపేస్తాయి.

నార్వే డాక్టరు కార్ల్ ముల్లర్ 1930లలోనే కొన్ని కుటుంబాలను పరిశీలించి ఒక సంగతి గమనించాడు. కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉండడం, నరాల మీద పసుపు రంగు గడ్డలు, చిన్న వయసులో గుండెజబ్బు, ఈ మూడూ ఒకే ఇంట్లో కలిసి నడుస్తున్నాయి. కారణం దొరకడానికి మరో నలభై ఏళ్లు పట్టింది. అమెరికాలోని డల్లాస్ నగరంలో మైఖేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు డాక్టర్లు 1970లలో ఈ గేట్లను కనిపెట్టారు. అందుకు 1985లో వాళ్లిద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

జన్యువుల జతలో ఒకటి మాత్రమే చెడినవాళ్లకు ఎల్‌డీఎల్ మామూలు కంటే రెండు మూడు రెట్లు ఉంటుంది. వైద్యం లేకుండా వదిలేస్తే, ఇలాంటి మగవాళ్లలో సగం మందికి యాభై ఏళ్లలోపే గుండెజబ్బు బయటపడుతుంది. ఆడవాళ్లలో అరవై ఏళ్ల లోపు నూటికి ముప్ఫై మందికి వస్తుంది. జతలో రెండూ చెడితే కథ వేరు. ఎల్‌డీఎల్ 500, 600, కొందరిలో ఇంకా పైకి పోతుంది. ఇలాంటివాళ్లు సుమారు మూడు లక్షల మందిలో ఒకరు. వైద్యం అందకపోతే బడికి పోయే వయసులోనే గుండెపోటు రావచ్చు. ముప్ఫై దాటి బతికేది తక్కువ.

ఆరేళ్ల స్టార్మీ

అమెరికాలో టెక్సాస్ రాష్ట్రపు చిన్నారి స్టార్మీ జోన్స్ కథ అప్పట్లో ప్రపంచమంతా పత్రికల్లో వచ్చింది. ఆ పిల్లకు జన్యువులు రెండూ చెడ్డవే. కొలెస్ట్రాల్ వెయ్యి దాటింది. ఆరేళ్లకే గుండెపోటు వచ్చింది. బైపాస్ ఆపరేషన్లు చేశారు. అవీ నిలబడలేదు. గుండె మారిస్తే సరిపోదా అంటే, పాత కాలేయం ఉన్నంతకాలం కొత్త గుండెకూ అదే గతి పడుతుంది. అందుకని 1984 ఫిబ్రవరి 14న పిట్స్‌బర్గ్‌లో డాక్టర్ థామస్ స్టార్జల్ బృందం ఆ పిల్లకు గుండె, కాలేయం రెండూ ఒకేసారి మార్చింది. ఒకే మనిషికి ఈ రెండూ కలిపి మార్చడం ప్రపంచంలో అదే మొదలు.

కొత్త కాలేయం గేట్లు తెరుచుకున్నాయి. వెయ్యి పైనున్న కొలెస్ట్రాల్ మూడొందల లోపుకు దిగింది. జబ్బు మూలం కాలేయం దగ్గరే ఉందని డల్లాస్ డాక్టర్లు చెప్పిన మాటకు ఇంతకంటే రుజువు అక్కరలేకపోయింది. స్టార్మీ మళ్లీ బడికి వెళ్లింది. ఆ తర్వాత ఆరేళ్ల పైచిలుకు బతికి, 1990 నవంబరులో పదమూడేళ్ల వయసులో కన్నుమూసింది.

ఆ పిల్ల విషయంలో గుండె కూడా ఎందుకు మార్చాల్సి వచ్చిందన్నదే ఇక్కడ ముఖ్యం. కాలేయం మారిస్తే నెత్తుట్లో అంకె దిగుతుంది. కానీ అప్పటికే ఆరేళ్లపాటు నాళాల్లో చేరిన సరుకు అంకెతో పాటు దిగిపోదు. నెత్తురు పరీక్ష ఈ రోజు లెక్క చెబుతుంది. నాళం గోడ పుట్టినప్పటి నుంచి లెక్క దాచుకుంటుంది.

పళ్లకు పట్టినట్టే

ఈ సున్నం ఎక్కడిది? ఆకువక్కలో వేసుకునేదా, కాల్షియం మాత్రల్లోదా, బోరు నీళ్లలోదా అని చాలామంది అడుగుతారు. దేనిలోదీ కాదు. ఈ జబ్బు ఉన్నవారికి నెత్తుట్లో కాల్షియం పరీక్ష చేయిస్తే సాధారణంగా మామూలుగానే ఉంటుంది. కాబట్టి ఆ పరీక్ష చేయించి "బాగుంది" అనుకుని రావడం వల్ల లాభం లేదు. (ఆకులో సున్నం సంగతి ఎలా ఉన్నా, దానితో పాటు నమిలే పొగాకు మాత్రం గుండెకు, నోటికి రెంటికీ చేటే.)

నాళం గోడలో కొవ్వు దిగబడినప్పుడు ఒంటి కాపలా కణాలు వచ్చి దాన్ని మింగుతాయి. మింగలేక అక్కడే చచ్చిపోతాయి. ఆ చెత్త చుట్టూ వాపు ఉంటుంది. గోడలోని కండర కణాలు ఈ పరిస్థితికి తమ పని మరిచి ఎముకను కట్టే కణాల్లా నడుచుకోవడం మొదలుపెడతాయి. ఎముకలో ఉండే ఖనిజమే ఆ చెత్త మీద పేరుకుంటుంది. పళ్ల మీద గార పట్టినట్టు మొదట చుక్కలు చుక్కలుగా మొదలై, తర్వాత పెచ్చులుగా మారుతుంది. ఇది ఊరికే పడే మురికి కాదు, ఒళ్లే పనిగట్టుకుని కట్టే గోడ. చనిపోయినవారి నాళాల్లో నిజమైన ఎముక లాంటిది ఉండడం జర్మన్ శాస్త్రజ్ఞుడు రుడాల్ఫ్ విర్కో పందొమ్మిదో శతాబ్దంలోనే చూశాడు.

ఈ గారను అడ్డుకునే మనుషులు కూడా ఒంట్లోనే ఉన్నారన్నట్టు కొన్ని ప్రొటీన్లు పనిచేస్తుంటాయి. వాటిలో ఒకదాన్ని పుట్టుకతో లేకుండా చేసిన ఎలుకలు రెండు నెలల్లోపే నాళాలు సున్నమై చచ్చిపోయాయని 1997లో అమెరికాలో తేలింది. మామూలు నాళం సున్నం పట్టకుండా ఉండడమే ఒక నిత్య పోరాటమని అప్పుడు అర్థమైంది.

వంశపారంపర్యపు జబ్బులో ఈ గార పట్టే చోటు కూడా ప్రత్యేకం. జన్యువులు రెండూ చెడినవారిలో గుండె నుంచి బయలుదేరే బృహద్ధమని మొదట్లోనే, కవాటానికి కాస్త పైన పడుతుంది. గుండె కండరానికి నెత్తురు తీసుకుపోయే నాళాలు పుట్టేది సరిగ్గా అక్కడే. కాలువ తూము దగ్గరే పూడిక పడితే కింది ఆయకట్టు సంగతి చెప్పాల్సిన పని లేదు. కవాటం కూడా బిరుసెక్కుతుంది.

కెనడాలోని క్యుబెక్ రాష్ట్రంలో ఈ జబ్బు మిగతా చోట్ల కంటే ఎక్కువ. పదిహేడో శతాబ్దంలో ఫ్రాన్సు నుంచి వచ్చి స్థిరపడిన కొద్ది కుటుంబాల సంతతి అక్కడ పెరిగి పెద్ద జనాభా అయింది. ఆ మొదటివాళ్లలో కొందరు తెచ్చిన చెడ్డ జన్యువు కూడా వాళ్లతో పాటు పెరిగింది. దక్షిణాఫ్రికాలోని డచ్చి సంతతివారిదీ ఇదే కథ. 2000 తర్వాతి సంవత్సరాల్లో మాంట్రియల్ డాక్టర్లు అక్కడి రోగులను స్కానింగు తీసి చూశారు. ఇరవైల్లో ఉన్నవారి బృహద్ధమనుల్లో డెబ్భై ఏళ్ల ముసలివారిలో కూడా అరుదుగా కనబడేంత సున్నం ఉంది. చిన్నప్పటి నుంచి వైద్యం చేయించుకుంటూ కొలెస్ట్రాల్ తగ్గించుకున్నవారిలోనూ గార పెరుగుతూనే ఉంది. కొందరి ధమని పింగాణీలా తయారై, ఆపరేషన్ వేళ బిగింపు వేయడానికి కూడా సర్జన్లకు భయమేసే స్థితి వస్తుంది. బిగిస్తే పెచ్చు రాలుతుంది. రాలిన పెచ్చు మెదడుకు పోతే పక్షవాతం.

నెత్తురు చెప్పేది ఎంత?

నెత్తురు పరీక్షతోనే నాళాల్లో సున్నం ఎంత ఉందో చెప్పగలరా అంటే, పూర్తిగా చెప్పలేరు. అయినా నెత్తురు చెప్పే సాక్ష్యం తక్కువేమీ కాదు. అన్నిటికంటే పెద్ద సాక్షి ఎల్‌డీఎల్. పెద్దవారిలో అది 190 దాటినా, పిల్లల్లో 160 దాటినా, ఇంట్లో చిన్న వయసు గుండెపోట్లు ఉంటే డాక్టరు ఈ జబ్బును అనుమానించాలి.

అంకె కంటే ముఖ్యం అది ఎన్నేళ్లుగా ఉందన్నది. అప్పు, వడ్డీ లెక్క తెలిసినవారికి ఇది చెప్పనక్కరలేదు. ఎల్‌డీఎల్ 100 ఉన్న మనిషి ఎనభై ఏళ్లు బతికితే ఆ నాళాలు మోసిన బరువు వందను ఎనభైతో హెచ్చవేసినంత, అంటే 8,000. ఎల్‌డీఎల్ 200 ఉన్న మనిషి అదే బరువు నలభై ఏళ్లకే మోసేస్తాడు. 600 ఉన్న పిల్లవాడు పద్నాలుగో ఏడు నిండకముందే మోసేస్తాడు. పుట్టినప్పటి నుంచి కట్టిన ఈ లెక్కకు డాక్టర్లు కొలెస్ట్రాల్ సంవత్సరాలు అని పేరు పెట్టారు. నలభై ఏళ్లకు ఎక్కువైన 200, పుట్టుకతో వచ్చిన 200 కాగితం మీద ఒకటే. నాళాల్లో ఒకటి కాదు.

రెండో సాక్షి లైపోప్రొటీన్-ఎ. ఇదీ కొలెస్ట్రాల్‌ను మోసే బండే, కానీ దీనికి పక్కన మరో ముక్క అతుక్కుని ఉంటుంది. 1963లో నార్వేకు చెందిన కోరె బెర్గ్ కనిపెట్టాడు. ఇది ఎంత ఉంటుందన్నది దాదాపు పూర్తిగా పుట్టుకతోనే నిర్ణయమవుతుంది. తిండి మార్చినా, నడక పెంచినా పెద్దగా మారదు. అందుకని జీవితంలో ఒక్కసారి చూపించుకుంటే సాధారణంగా చాలు. 50 మిల్లీగ్రాములు దాటితే ఎక్కువ కింద లెక్క. ప్రపంచంలో ఐదుగురిలో ఒకరికి ఎక్కువగానే ఉంటుంది. తెల్లవారి కంటే మన ఉపఖండం వారిలో సగటున ఎక్కువ. గుండె కవాటానికి సున్నం పట్టించడంలో దీని చెయ్యి ఉందని 2013 నాటి జన్యు పరిశోధనలు తేల్చాయి. ఎల్‌డీఎల్‌కు ఇది కూడా తోడైతే ప్రమాదం రెండింతలని కాదు గానీ, ఒక్క ఎల్‌డీఎల్ ఉన్నవారి కంటే బాగా ఎక్కువ.

వాపును చూపే సీఆర్‌పీ పరీక్ష ఉంది. గారను ఆపే ప్రొటీన్ల కొలతలు, గేట్లను పాడుచేసే పీసీఎస్‌కే9 అనే ప్రొటీను కొలత కూడా ఉన్నాయి. ఇవి ఇప్పటికి ఎక్కువగా పరిశోధకుల పని. పల్లె నుంచి వెళ్లిన రోగి వీటి కోసం డబ్బు తగలేయాల్సిన అవసరం లేదు.

సున్నాన్ని నేరుగా చూడాలంటే సీటీ స్కానింగు తీయాలి. సూది మందు అక్కరలేదు, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. గుండె నాళాల్లో సున్నం ఎంత ఉందో దానికి మార్కులు వేసే పద్ధతిని 1990లో అమెరికాలోని మయామీ డాక్టర్లు ఆర్థర్ అగాట్‌స్టన్, వారెన్ జానోవిట్జ్, వారి సహచరులు ప్రకటించారు. ఇక్కడ మార్కులు ఎంత తక్కువ వస్తే అంత మంచిది. సున్నా అంటే సున్నం లేనట్టు. వంద దాటితే జాగ్రత్త పడాలి. నాలుగొందలు దాటితే బాగా ఎక్కువ.

బ్రెజిల్‌లోని సావోపావ్లోలో ఈ వంశపారంపర్యపు జబ్బు ఉండి, మందులు వాడుతున్న 206 మందికి ఇలా స్కానింగు తీసి కొన్నేళ్లు కనిపెట్టి చూశారు. ఫలితం 2019లో వచ్చింది. దాదాపు సగం మందికి సున్నా వచ్చింది. ఆ సున్నా వచ్చినవారిలో ఒక్కరికీ ఆ కాలంలో గుండెపోటు రాలేదు. అందరి జన్యువూ చెడ్డదే అయినా అందరి నాళాలూ ఒకే తీరుగా పాడవలేదన్నమాట. వైద్యం ఎవరికి గట్టిగా చేయాలో తేల్చుకోవడానికి ఈ మార్కులు డాక్టరుకు పనికొస్తాయి.

అయితే సున్నా వచ్చిందని మందులు మానేయడం తప్పు. మెత్తటి కొవ్వు ఈ స్కానింగులో కనబడదు. కుర్రవాళ్లలో గుండెపోటు తెచ్చేది చాలాసార్లు ఆ మెత్తటి కొవ్వు పగలడమే. ఇంకో తమాషా కూడా ఉంది. మందులు వాడేవారిలో కొన్నిసార్లు సున్నం మార్కులు పెరుగుతాయి, గుండెపోట్లు మాత్రం తగ్గుతాయి. మెత్తగా ఉండి పగిలే కొవ్వు ఎండి గట్టిపడడం వల్ల ఇలా జరుగుతుందని నిపుణులు చెబుతారు. రిపోర్టు చూసి కంగారుపడి మాత్ర పారేసినవారు నష్టపోతారు. నాళాల్లో సున్నం కడిగేస్తామనే ప్రకటనలకు డబ్బు పోసేవారూ అంతే.

బియ్యం బూజు ఇచ్చిన మందు

ఈ జబ్బుకు వచ్చిన పెద్ద మందు పుట్టుక రైతులకు నచ్చే కథ. జపాన్‌లో అకిటా ప్రాంతపు రైతు కుటుంబంలో 1933లో పుట్టిన అకిరా ఎండో చిన్నప్పటి నుంచి కుక్కగొడుగులు, బూజులంటే ఇష్టపడేవాడు. పెరిగి మందుల కంపెనీలో చేరాక, కొలెస్ట్రాల్ తయారీని ఆపే పదార్థం ఏదో ఒక బూజులో ఉండి తీరుతుందని నమ్మి ఆరువేల రకాలకు పైగా పరీక్షించాడు. చివరికి 1973లో దొరికింది. క్యోటోలో ఒక ధాన్యం కొట్టు నుంచి తెచ్చిన బియ్యం మీది నీలిపచ్చ బూజులో ఉంది. ఆ మందు పేరు కాంపాక్టిన్. దాని వారసులే ఈనాటి స్టాటిన్ మాత్రలు. అమెరికాలో మొదటి స్టాటిన్‌కు అనుమతి 1987లో వచ్చింది. స్టార్మీకి ఆపరేషన్ చేసిన మూడేళ్లకు. ఎండో 2024లో మరణించాడు.

కాలేయం లోపల కొలెస్ట్రాల్ తయారీని స్టాటిన్ తగ్గిస్తుంది. సరుకు చాలక కాలేయం ఉన్న మంచి గేట్లను ఎక్కువ చేసుకుంటుంది. ఒక జన్యువు మంచిగా ఉన్నవారిలో ఇది బాగా పనిచేస్తుంది. రెండూ చెడినవారికి గేట్లే లేవు కాబట్టి అంతగా పనిచేయదు. వాళ్లకు వారానికో రెండు వారాలకో నెత్తురును యంత్రంలో తిప్పి ఎల్‌డీఎల్ వడగట్టడం, కొత్త ఇంజెక్షన్లు, కాదంటే కాలేయ మార్పిడి. 2015 తర్వాత వచ్చిన ఇంజెక్షన్లు శక్తివంతమైనవే గానీ ధర సామాన్యుడికి అందేది కాదు. అటార్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ మాత్రలు జనరిక్ షాపుల్లో చవకగా దొరుకుతాయి. ఒక జన్యువు మాత్రమే చెడ్డవారికి, అంటే ఈ జబ్బున్న వారిలో దాదాపు అందరికీ, మొదటి మందు అదే. దానికి ఎజెటిమైబ్ అనే మాత్ర తోడు చేస్తారు. గర్భం దాల్చాలనుకునే ఆడవాళ్లు ముందుగా డాక్టరుకు చెప్పాలి. ఆ సమయంలో స్టాటిన్ సాధారణంగా ఆపుతారు.

నెయ్యి, మాంసం తగ్గిస్తే చాలదా? తగ్గించడం మంచిదే. కానీ పుట్టుకతో గేట్లు మూసుకున్నవారికి అది చాలదు. జీవితంలో గుడ్డు ముట్టని శాకాహారి ఇంట్లోనూ ఈ జబ్బు ఉంటుంది.

పసిపిల్లలకు మాత్రలేమిటని తల్లిదండ్రులు జంకుతారు. నెదర్లాండ్స్ అనుభవం దీనికి జవాబు చెప్పింది. ఈ జబ్బున్న 214 మంది పిల్లలకు అక్కడ స్టాటిన్ ఇచ్చి ఇరవై ఏళ్లు వెంబడించారు. 2019లో ఫలితం ప్రకటించారు. ముప్ఫై తొమ్మిదేళ్లు వచ్చేసరికి ఆ పిల్లల్లో నూటికి ఒకరికే గుండె, నాళాల జబ్బు వచ్చింది. ఆ మందు లేని రోజుల్లో పెరిగి, అదే జబ్బున్న వాళ్ల తల్లిదండ్రుల్లో అదే వయసుకు నూటికి 26 మందికి వచ్చింది. జన్యువు అదే. ఇల్లూ అదే. తేడా ఎప్పుడు మొదలుపెట్టారన్నదే. ఇప్పుడు నిపుణులు ఒక జన్యువు చెడిన పిల్లలకు ఎనిమిది, పదేళ్ల మధ్య మందు మొదలుపెట్టమంటున్నారు. రెండూ చెడినవారికైతే తెలిసిన రోజే.

మేనరికం ఇళ్లలో

మన జిల్లాల్లో ఈ జబ్బుకు మరో దారి ఉంది. మేనరికం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సుమారు నాలుగో వంతు పెళ్లిళ్లు రక్తసంబంధీకుల మధ్య జరిగినవే. తాతకు చెడ్డ జన్యువు ఒకటి ఉంటే కొడుక్కి వచ్చే అవకాశం సగం, కూతురికి సగం. కూతురి నుంచి మనవరాలికి దిగవచ్చు. ఆ మనవరాలిని మేనమామకు ఇచ్చి చేస్తే ఒకే తాత జన్యువు రెండు వైపుల నుంచీ వచ్చి బిడ్డలో కలిసే వీలుంది. భార్యాభర్తలు ఇద్దరికీ ఒక్కొక్క చెడ్డ జన్యువు ఉంటే పుట్టే ప్రతి బిడ్డకూ రెండూ చెడ్డవి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మూడు లక్షల్లో ఒకరన్న లెక్క ఆ ఇంటికి వర్తించదు.

మేనరికం మంచిదా చెడ్డదా అన్న వాదన పాతది. దాన్ని పెళ్లిపెద్దలకు వదిలేయవచ్చు. అత్తింటి, పుట్టింటి రెండు వైపులా చిన్న వయసు గుండెపోట్లు ఉన్నచోట మాత్రం లగ్నపత్రిక రాయకముందే వధూవరులిద్దరికీ ఒక లిపిడ్ పరీక్ష చేయించడం పెద్ద ఖర్చేమీ కాదు.

పిల్లల ఒళ్లు కూడా చాలాసార్లు ముందే చెబుతుంది. రెండు జన్యువులూ చెడిన పిల్లల మోచేతులు, మోకాళ్లు, పిరుదుల మీద, వేళ్ల సందుల్లో పసుపు, నారింజ రంగు గడ్డలు లేస్తాయి. నొప్పి ఉండవు. పులిపిర్లనుకుని సున్నం, కారం పెట్టి కాల్చినవారున్నారు. చర్మానికి పూతమందు రాయించుకుని ఏళ్లు గడిపినవారున్నారు. గడ్డ కోయించుకోవడం కంటే ముందు నెత్తురు చూపించాలని చర్మవ్యాధి డాక్టరుకు తడితే ఆ పిల్లవాడి గుండె దక్కినట్టే. ఒక జన్యువు చెడినవారిలో గుర్తులు ఆలస్యంగా వస్తాయి. మడమ వెనుక పైకి పోయే లావాటి నరం దళసరెక్కుతుంది. వేళ్ల కణుపుల మీది నరాల్లో గడ్డలు తగులుతాయి. నలభై అయిదు లోపే కంటి నల్లగుడ్డు అంచున తెల్లటి వలయం కనబడుతుంది. చాలామందికి ఇవేవీ ఉండవు. అందుకే నెత్తురు పరీక్ష.

ఒకరికి బయటపడితే అక్కడితో ఆగకూడదు. ఆ మనిషి తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు ప్రతి ఒక్కరికీ ఉండే అవకాశం సగం. నెదర్లాండ్స్‌లో 1994 నుంచి ఇరవై ఏళ్లు ఇదే పని ఒక పథకంగా సాగింది. జబ్బు తేలిన మనిషి ఇంటికి నర్సు వెళ్లి వంశవృక్షం గీసేది. ఆ కొమ్మల వెంట పోయి బంధువులందరికీ నెత్తురు పరీక్ష చేసేవారు.

మన పల్లెల్లో ఆ వంశవృక్షం గీయడానికి నర్సు రానక్కరలేదు. పెళ్లి చూపుల వేళ మూడు తరాల చుట్టరికాలు గుక్క తిప్పుకోకుండా చెప్పే నాయనమ్మలు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు. ఎవరు ఏ వయసులో పోయారో, ఎలా పోయారో వాళ్లకు గుర్తే. ఆ పేర్ల పక్కన వయసులు ఒక కాగితం మీద రాసుకుని, పాత రిపోర్టులుంటే వాటిని కూడా సంచిలో వేసుకుని వెళితే డాక్టరు అడిగే మొదటి ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉంటుంది.